విజయనగరంలో ప్లాటు కొన్నాం: ఏజెంటు గురించి, ఆయన్ని చెక్ చేసుకున్న రెరా, ఈకోర్ట్స్ గురించి నా రివ్యూ

2024 చివర్లో మేం విజయనగరంలో రింగ్ రోడ్డుకి కాస్త అవతల 150 గజాల ప్లాటు కొన్నాం. కొనిపెట్టిన ఏజెంటు ఎలాంటివారు, నంబరు ఇవ్వండి అని మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లోనే ముగ్గురు అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇది రాస్తున్నాను. ఆయన పేరు, ఫోన్ నంబరు మాత్రం రాయను. రాస్తే చదివినవాళ్లు ఇంకేమీ చూసుకోకుండా నేరుగా ఆయన దగ్గరికే వెళ్లిపోతారు. ఎవరో చెప్పారు కదా అని నమ్మే మేం 2021లో లక్షన్నర పోగొట్టుకున్నాం. అందుకే ఆయన చేసిన పని గురించి చెప్తాను, ఆయన్ని మేం ఎలా చెక్ చేసుకున్నామో చెప్తాను, ఆ చెకింగ్‌కి వాడిన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటు, కోర్టు కేసులు వెతుక్కునే ఈకోర్ట్స్ సైటు ఎంతవరకు పనికొస్తాయో కూడా చెప్తాను. మీకు దొరికిన మనిషిని మీరే చూసుకోండి.

ముందు 2021 సంగతి. మా మావయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఆ డబ్బుతో భోగాపురం వైపు చిన్న ప్లాటు కొనాలని ఆయన కోరిక. అక్కడి ఎయిర్‌పోర్టుకి 2019లో ఒకసారి శంకుస్థాపన అయింది, 2023 మేలో మళ్లీ అయింది. మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్లూ మా వైపు ఎవరి నోట విన్నా సైట్ల మాటే. డెంకాడ, పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో పొలాల్లో తెల్ల రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, టెంటు వేసి కూర్చునేవాళ్లు. మాకు ఒక చుట్టం ద్వారా ఒక బ్రోకర్ పరిచయం అయ్యాడు. "మనోడే, మన పక్కూరోడే, అమ్మవారి పండక్కి అన్నదానం దగ్గర ముందుంటాడు" అని చెప్పారు. అతని గురించి మేం తెలుసుకున్నది అంతే. ఏ ఊరు, ఎవరి అబ్బాయి, ఎవరికి అల్లుడు అన్నీ అడిగాం. ఏ లైసెన్సు మీద ఈ పని చేస్తున్నావని అడగాలని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. అలాంటిది ఒకటి ఉంటుందనే మాకు తెలియదు.

"ఏటి బావూ, నా మాట మీద నమ్మకం లేదా" అని మా మావయ్యగారి చెయ్యి పట్టుకుని అడిగేవాడు. లక్షన్నర అడ్వాన్సు క్యాష్‌గా ఇచ్చాం. తెల్ల కాగితం మీద రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టి ఇచ్చాడు. సాక్షులిద్దరూ అతని మనుషులే. మూడో నెలలో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే కాగితం) తీయిస్తే అదే ప్లాటు వేరేవాళ్ల పేరు మీద రిజిస్టరై ఉంది. భూమి యజమాని దగ్గరికి వెళ్తే, ఆ మనిషికి అమ్మిపెట్టమని తాను ఎప్పుడూ చెప్పలేదన్నారు. ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు ఈ రోజుకీ రాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ తర్వాత జరిగింది. మా కొలీగ్ భర్త లాయరు. మా ఇంటికొచ్చినప్పుడు మాటల్లో ఫోన్ తీసి, ఈకోర్ట్స్ సైటులో మన జిల్లా పెట్టి ఆ బ్రోకర్ పేరు కొట్టారు. రెండు కేసులు కనిపించాయి. ఒకటి 2018ది, ఇంకొకటి 2019ది. సెక్షన్లు 420, 406 అని ఉన్నాయి, అంటే మోసం, నమ్మకద్రోహం. రెండూ మేం డబ్బు ఇవ్వకముందే కోర్టులో ఉన్నాయి. ఆయన వెతకడానికి పట్టింది రెండు నిమిషాలు, పైసా ఖర్చు లేదు. మా మావయ్యగారు ఆ ఫోన్ స్క్రీన్ చూసి ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. రోజూ సాయంత్రం గంటస్తంభం వైపు టీకి వెళ్లే మనిషి ఆరు నెలలు అటు వెళ్లడం మానేశారు. స్నేహితులు అడిగితే ఏం చెప్పాలో తెలియక.

సరే, ఇప్పుడు లైసెన్సు విషయం. 2016లో కేంద్రం రెరా చట్టం తెచ్చింది, ఏజెంట్లకి సంబంధించిన సెక్షన్లు 2017 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మన రాష్ట్రం 2017లోనే రూల్స్ పెట్టింది. రెరాలో రిజిస్టర్ కావలసిన లేఅవుట్‌లో గానీ, అపార్ట్‌మెంట్‌లో గానీ ప్లాటో ఫ్లాటో అమ్మిపెట్టాలంటే ఏజెంటు కూడా రెరాలో రిజిస్టర్ అయి ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్‌గానీ రిజిస్టర్ కావాల్సిందే. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో దాదాపు 600 గజాలు, పన్నెండు సెంట్ల పైన. ఎకరాలకి ఎకరాలు రాళ్లు పాతి అమ్మేవాళ్లు ఈ చట్టం కిందకి రాము అని చెప్తే నమ్మకండి. రిజిస్ట్రేషన్ లేకుండా ఏజెంటు పని చేస్తే రోజుకి 10,000 చొప్పున, అమ్మిపెట్టిన ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చు.

రిజిస్టర్ అయిన ప్రతి ఏజెంటుకీ ఒక నంబరు ఇస్తారు, తను కుదిర్చిన ప్రతి బేరంలోనూ ఆ నంబరు వేయాలి. మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఫోటో. రిజిస్టర్ అయిన ఏజెంట్ల పేర్లు, ఫోటోలు జనం చూసేలా వెబ్‌సైటులో పెట్టాలని, రద్దయినవాళ్లవీ తిరస్కరించినవాళ్లవీ కూడా పెట్టాలని చట్టంలోనే ఉంది. ఆ ఫోటో మమ్మల్ని రెండోసారి మోసపోకుండా కాపాడింది, అది కింద చెప్తాను.

కానీ ఈ రిజిస్ట్రేషన్ ఎంతవరకు భరోసా అన్నది కూడా తెలిసి ఉండాలి. నేను మొదట్లో రెరా నంబరు ఉందంటే పోలీసులు ఆ మనిషి గురించి వాకబు చేసి, మంచివాడే అని తేల్చి ఇచ్చారేమో అనుకున్నాను. అలా ఏమీ కాదు. పాన్ కార్డు, ఫోటో, అడ్రస్ ప్రూఫ్, ఫీజు లాంటివి పెట్టి అప్లై చేసుకుంటారు. ఏజెంటుకి పరీక్ష పెట్టాలని గానీ, వేలిముద్రలు తీసుకుని పాత కేసులు వెతకాలని గానీ ఆ చట్టంలో ఎక్కడా లేదు. మహారాష్ట్రలో 2023 నుంచి ఏజెంట్లకి ట్రైనింగూ పరీక్షా తప్పనిసరి చేశారు. అలాంటిది మన దగ్గర కూడా రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. బడిలో ఒకటో తరగతి పిల్లలకి చదువు చెప్పడానికి నేను డీఎడ్ చేసి, టెట్ రాసి, డీఎస్సీ రాసి వచ్చాను. ఒక కుటుంబం జీవితాంతం కూడబెట్టిన డబ్బు చేతులు మార్చే మనిషికి ఒక చిన్న పరీక్ష ఉండాలనడం తప్పా?

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. ఆమె అక్కడ రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకుంది. ఆమె చెప్పింది వింటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. టెక్సాస్‌లో ముందు 180 గంటల క్లాసులు చదవాలట. తర్వాత పరీక్ష. వేలిముద్రలు ఇవ్వాలి, అవి రాష్ట్ర పోలీసు శాఖకీ ఎఫ్‌బీఐకీ వెళ్తాయి, పాత నేరాలు ఏమైనా ఉన్నాయేమో అక్కడ చూస్తారు. అవన్నీ అయ్యాక కూడా కొత్తవాళ్లు సొంతంగా పని చేయడానికి లేదు, ఒక సీనియర్ బ్రోకర్ బాధ్యత తీసుకుంటేనే చేయాలి. ఎప్పుడో చిన్న వయసులో ఏదైనా కేసు ఉన్నవాళ్లు క్లాసుల ఫీజు కట్టకముందే, నాకు లైసెన్సు వస్తుందా రాదా అని ముందుగా అడిగి తెలుసుకునే ఏర్పాటు కూడా ఉందట. కేసు ఉన్న ప్రతి ఒక్కరినీ గేటు బయట నిలబెట్టేయరు, ఏం కేసు, ఎప్పటిది, తర్వాత ఎలా బతికాడు అని చూస్తారు. నాకు ఇది న్యాయంగా అనిపించింది. మా అనుభవంలో కూడా చివరికి ఇదే ప్రశ్న వచ్చింది.

మన దగ్గర ఆ వెతుకులాట ఎవరూ చేసిపెట్టరు కాబట్టి మేమే చేసుకున్నాం. 2024లో మళ్లీ ప్లాటు అనుకున్నప్పుడు మా మావయ్యగారు అస్సలు వద్దన్నారు. మా ఆయనా నేనూ ఒప్పించాం. ఈసారి ఎవరితో మాట్లాడినా ప్లాటు ధర అడగకముందు రెండే ప్రశ్నలు అడగాలని అనుకున్నాం. మీ రెరా ఏజెంటు నంబరు ఎంత? లేఅవుట్ రెరా నంబరు ఎంత? ఈ రెండూ వేరువేరు. ప్రాజెక్టు నంబరు చూపించి అదే తన లైసెన్సు అన్నట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. లేఅవుట్‌కి నంబరు ఉంటే లేఅవుట్‌కే, దాన్ని అమ్మే మనిషికి తన నంబరు తనకి ఉండాలి.

మొదట మాట్లాడినాయన నంబరు అడగ్గానే, "అదంతా విజయవాడ, వైజాగ్ పెద్ద కంపెనీలకండీ, మనలాంటోళ్లకి కాదు" అన్నాడు. అక్కడితో ఆపేశాం.

రెండో అతను టిప్‌టాప్‌గా ఉన్నాడు. మంచి ఆఫీసు, ఏసీ, గోడ మీద లేఅవుట్ మ్యాపులు. విజిటింగ్ కార్డు మీద రెరా నంబరు ఉంది. నాకు చాలా సంతోషమేసింది. ఇంటికొచ్చి ఏపీ రెరా సైటులో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితాలో ఆ నంబరు వెతికితే వచ్చింది, గడువు కూడా ఉంది. కానీ పేరు వేరు, ఫోటో వేరు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే, "అది మా బావమరిదిది మేడమ్, ఆఫీసు ఒకటే కదా" అన్నాడు. బావమరిది ఎక్కడున్నారంటే హైదరాబాద్‌లో. అంటే మా ముందు కూర్చుని, మా దగ్గర అడ్వాన్సు తీసుకుని, మాకు సైటు చూపించే మనిషికి ఏ రిజిస్ట్రేషనూ లేదు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ నంబరు మీద ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? నంబరు నిజమైనదా అని చూడ్డంతో ఆగిపోతే మేం ఈసారి కూడా మోసపోయేవాళ్లం. ఫోటో దాకా చూడండి, గడువు తేదీ దాకా చూడండి.

మూడో ఆయన గురించే ఈ రివ్యూ.

కంటోన్మెంట్ వైపు చిన్న గది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. యాభై దాటిన మనిషి. మేం వెళ్లి కూర్చోగానే నీళ్లిచ్చి, మేం అడగకముందే ఒక ఫైలు ముందు పెట్టారు. అందులో పై కాగితం ఆయన రెరా సర్టిఫికేట్ కాపీ, ఫోటోతో సహా. కింద లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, రెరా ప్రాజెక్టు నంబరు, లింకు డాక్యుమెంట్లు (ఆ భూమి పాత దస్తావేజులు), ఈసీ. "ఇవి తీసుకెళ్లి మీకు తెలిసిన లాయరుకి చూపించండి, వారం తర్వాత రండి, అప్పటిదాకా రూపాయి ఇవ్వొద్దు" అన్నారు. వేరేవాళ్లు వచ్చి కొనేసుకుంటారేమో అని మా ఆయన అన్నారు. "కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి బాబూ, ఇంకోటి దొరుకుతుంది" అన్నారాయన. ఇన్నేళ్లలో ఒక బ్రోకర్ నోటి నుంచి ఈ మాట నేను వినలేదు.

ఇంటికొచ్చాక నేను చేయాల్సింది చేశాను. ఈకోర్ట్స్ సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, సంవత్సరం వేయాలి. పెండింగ్ కేసులు, ముగిసిన కేసులు, రెండూ అని మూడు రకాలుగా వెతకొచ్చు. నేను రెండూ పెట్టి, ఒక్కో సంవత్సరం మార్చుకుంటూ పదేళ్లు వెనక్కి వెళ్లాను. మన పేర్లకి ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటని ఉండదు, శ్రీనివాసరావు ఒక్కటే పది రకాలుగా రాస్తారు, కాబట్టి అక్షరాలు మార్చి మార్చి కొట్టాలి. ఇంటిపేరు ముందు పెట్టీ, వెనక పెట్టీ చూడాలి. విజయనగరంతో ఆపకుండా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలు కూడా చూశాను, ఎందుకంటే ఈ మూడు జిల్లాల్లోనూ పని చేసే బ్రోకర్లు చాలామంది. వచ్చిన ఫలితాల్లో సివిల్ తగాదాలు కూడా ఉంటాయి. అవి చూసి కంగారుపడక్కర్లేదు, అన్నదమ్ముల పంపకాల కేసు ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది. నేను చూసింది 420, 406, దొంగ కాగితాలకి వేసే 468, 471, చెక్ బౌన్స్‌కి వేసే 138. 2024 జూలై 1 నుంచి జరిగిన మోసాల కేసుల్లో 420 కనిపించదు, కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో మోసం 318 కిందకి వెళ్లింది, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆయన పేరు మీద ఒక కేసు వచ్చింది. 2019లో చెక్ బౌన్స్, 138 సెక్షన్, ముగిసిపోయిన కేసు.

నా గుండె జారిపోయింది. మళ్లీ అదేనా అనుకున్నాను. మా ఆయన ఇంక వద్దులే అన్నారు. నిజానికి నాకు కూడా ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ మనిషి ప్రవర్తన చూస్తే మంచిగా అనిపించింది, స్క్రీన్ మీద ఇంకోలా ఉంది. పైగా ఒకే పేరున్నవాళ్లు మన జిల్లాలో ఎంతమంది ఉంటారు! వేరే మనిషిది అయి ఉండొచ్చు కూడా. ఒకే పేరు కనిపించగానే మంచి మనిషిని దొంగని చేసేయకూడదు. తండ్రి పేరు, ఊరు కలిస్తేనే ఆ మనిషిదని అనుకోవాలి.

వారం తర్వాత వెళ్లాం. నేను ఎలా అడగాలా అని టెన్షన్ పడుతున్నాను. మేం కాగితాల గురించి మాట్లాడుతుండగా ఆయనే అన్నారు: "అమ్మా, మీరు టీచరు కదా, ఈ రోజుల్లో అందరూ ఆన్‌లైన్‌లో చూస్తున్నారు, నా పేరు మీద 2019లో ఒక చెక్కు కేసు ఉంటుంది. మా తమ్ముడి షాపుకి నేను చెక్కులు ఇచ్చాను, వ్యాపారం దెబ్బతింది, డబ్బు కట్టి రాజీ చేసుకున్నాను. కాగితం ఉంది, చూపిస్తాను." సొరుగులోంచి కోర్టు కాగితం తీసి చూపించారు. సైటులో ఉన్న కేసు నంబరుతో సరిపోయింది.

ఆ క్షణంలోనే నేను నిర్ణయం తీసుకున్నాను. రికార్డు తెల్లగా ఉన్న మనిషి కంటే, తన రికార్డులో ఉన్నది అడగకముందే చెప్పే మనిషి మీద నాకు ఎక్కువ నమ్మకం కుదిరింది. 2021లో మేం నమ్మిన మనిషి మీద రెండు మోసం కేసులు నడుస్తున్నా అన్నదానంలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు, నోరు విప్పలేదు.

ఇక పని ఎలా చేశారన్నది. అడ్వాన్సు విషయంలో చాలా పద్ధతిగా ఉన్నారు. ప్లాటు 18 లక్షలు, గజం 12,000 లెక్కన. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని రెరాలో ఉంది, మా లెక్కలో అది 1,80,000. లక్ష మాత్రమే తీసుకున్నారు, అది కూడా లేఅవుట్ వాళ్ల ఖాతాకే బ్యాంకు ద్వారా. స్థలాల లావాదేవీల్లో 20,000 అంతకంటే ఎక్కువ క్యాష్‌గా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదని ఆయనే చెప్పారు. 2021లో లక్షన్నర నోట్లు లెక్కపెట్టి ఇచ్చిన చేతులు మావి, ఆ మాట విన్నప్పుడు మా మావయ్యగారి ముఖం చూడలేకపోయాను. సర్వే నంబరు నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా), అదే 22ఏలో, ఉందా లేదా అని రిజిస్ట్రేషన్ శాఖ సైటులో మా కళ్ల ముందే చూపించారు. ప్రభుత్వం ఇచ్చిన డీ పట్టా భూమి కాదు, జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అని పాత అడంగల్ (గ్రామ భూమి రికార్డు) కూడా చూపించారు. ఈసీలు ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతాయి, అప్పటి నుంచి తీయించి ఇచ్చారు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు. ప్లాటు హద్దుల రాళ్లు కొలిపించి ఇస్తానన్న తేదీ రెండుసార్లు మారింది, రెండోసారి మేం ఆటో కట్టించుకుని వెళ్లి ఎండలో గంటన్నర నిలబడ్డాం, సర్వేయరు రాలేదు. కమీషన్ రెండు శాతం అడిగారు, ఒకటిన్నరకి ఒప్పుకున్నారు, అంటే 27,000. అది కూడా రిజిస్ట్రేషన్ అయ్యాకే, రసీదు ఇచ్చి తీసుకున్నారు. మా ఊళ్లో ఒక శాతానికి చేసేవాళ్లు ఉన్నారని మా చుట్టాలు అన్నారు. ఉండొచ్చు. ఆయన పని చూశాక నాకు ఆ అర శాతం బాధ లేదు. రిజిస్ట్రేషన్ రోజు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం అవుతుందని ముందే కాగితం మీద రాసి ఇచ్చారు, చివర్లో "ఇంకో ఐదు వేలు ఉంచండి" లాంటి మాటలు రాలేదు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, ఆ ఒక్కటి ఫోన్‌కీ సర్వేయర్‌కీ తగ్గించాను.

రెరా ఏజెంట్ల జాబితాకి నేను నాలుగిస్తాను. ఫోటో ఒక్కటే చాలు, దాని విలువ మాకు తెలుసు. ఈకోర్ట్స్‌కి ఐదు. ఉచితం, ఫోన్‌లో అయిపోతుంది, లాగిన్ కూడా అక్కర్లేదు, మామూలు మనిషికి ఇంత ఉపయోగపడే సర్వీసు ఇంకొకటి నేను చూడలేదు. ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు దశలోనే ఉండి కోర్టుదాకా రానివి అందులో కనిపించవు. ఏమీ రాలేదు కదా అని క్యాష్ తీసి చేతిలో పెట్టేయకండి. ఇంకా అనుమానం ఉంటే ఆ మనిషినే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికేట్ తెచ్చుకోమని అడగొచ్చు. ఉద్యోగాలకీ పాస్‌పోర్టులకీ అడుగుతున్నప్పుడు 18 లక్షల పనికి అడిగితే ఏం తప్పు? నేను అడగలేదు, అవసరం పడలేదు. పెద్ద మొత్తమైతే అడిగేదాన్ని.

పాత ఇల్లు కొనేవాళ్లకీ, పొలం కొనేవాళ్లకీ ఒక మాట. రెరా ఏజెంటు రిజిస్ట్రేషన్ ప్రాజెక్టుల్లో ఉన్న ప్లాట్లకీ ఫ్లాట్లకీ మాత్రమే. తోటపాలెంలో ముప్పై ఏళ్ల నాటి డాబా ఇల్లు చూపించే మధ్యవర్తికి, గరివిడి వైపు ఎకరం పొలం చూపించే మధ్యవర్తికి ఆ చట్టం కింద ఏ నంబరూ అక్కర్లేదు. అంటే అక్కడ మిమ్మల్ని కాపాడ్డానికి ఫోటోల జాబితా కూడా ఉండదు. మన జిల్లాల్లో జరిగే బేరాల్లో ఎన్నో ఇలాంటివే, అందుకే నాకు భయం. అక్కడ ఈకోర్ట్సూ, ఈసీ, నిషేధిత జాబితా ఇవే మీకు దిక్కు. అసలు యజమానిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడకుండా మధ్యవర్తికి అడ్వాన్సు ఇవ్వకండి. మేం 2021లో ఆ ఒక్క పని చేసి ఉంటే లక్షన్నర మిగిలేది.

మా ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం మా మావయ్యగారు కాగితాలు సంచిలో పెట్టుకుని గంటస్తంభం దగ్గర దిగిపోయారు, మీరు వెళ్లండి నేను టీ తాగి వస్తాను అని. రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చారు.

మొన్న సిరిమానోత్సవం రోజు జనంలో ఎవరో పాంప్లెట్లు పంచారు, ఎయిర్‌పోర్టుకి దగ్గర, గజం ఇంత, ఈరోజే బుక్ చేసుకోండి అని. మా పక్కింటావిడ అది పట్టుకుని మా ఇంటికొచ్చింది. పాంప్లెట్ మీద రెరా నంబరు ఎక్కడా లేదు. మా మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూసి, ఫోన్ నాకిచ్చి డయల్ చేయమన్నారు. అవతల అమ్మాయి ఎత్తింది. "అమ్మా, మీ ఏజెంటు రెరా నంబరు చెప్పండి" అని ఆయనే అడిగారు. "అప్లై చేశాం సార్, వచ్చేస్తుంది" అంది. "వచ్చాక చెప్పండమ్మా, అప్పుడే సైటు చూస్తాం" అని ఆయనే ఫోన్ పెట్టేశారు.